‘తడి సిమెంట్’ ఆఖరి పాట

పెద్దాయన ప్రొజెక్టర్ ఆపేసి గదిలో లైటు వేశాడు. గోడ మీద ఇప్పటిదాకా ఉన్న ఆడమనిషి ముఖం మాయమైంది.

“గుర్తుపట్టావా?”

“నా భార్య సార్.”

“మాజీ అను.”

“ఇంకా విడాకులు కాలేదు సార్.”

అడుగుల చప్పుడు వినపడదని గూఢచారి డిపార్ట్‌మెంటు ఆ భర్తకి పిల్లి అని పేరు పెట్టింది. నోటి చప్పుడు అంతకన్నా తక్కువ. కట్టుకున్నదే వెళ్లి శత్రు ముఠాలో చేరిందని తెలిసిన రోజున కూడా పల్లెత్తు మాట అనలేదు. ఆఫీసులో అందరూ ఇతను మనిషా, రాయా అనుకున్నారు. పాపం, ఆ రాయి రెండేళ్లుగా రోజూ రెండు కంచాలు పెట్టుకుని, ఒకదాంట్లోనే తిని, రెండూ కడిగి బోర్లిస్తోంది.

“ఆదివారం మధ్యాహ్నం, తివాచీల గోడౌన్ కింద బేస్‌మెంట్లో ప్రోగ్రాం. ‘తడి సిమెంట్’ అని బ్యాండ్. పోస్టర్లుండవు, నోటి మాట మీదే జనం వస్తారు. ఆవిడ సింథ్ కీబోర్డు వాయిస్తూ పాడుతుంది. పక్కన బేస్ గిటార్ వాడొకడు. డ్రమ్మర్ లేడు, మెషీనే.”

“మెసేజ్?”

“మనం దాచిన సైంటిస్టు అడ్రస్. ఆఖరి పాటలో సింథ్ స్వరాలే కోడ్. ఫోన్లయితే మనం వింటామని వాళ్ల భయం. పాటయితే ఎవడు వింటాడని ధీమా. జనంలో పసుపు రెయిన్‌కోటు వేసుకున్నవాడు రికార్డు చేసుకుంటాడు. వాడికి పూర్తి అడ్రస్ అందిందా, సాయంత్రానికి సైంటిస్టు ఉండడు.” పెద్దాయన శనగగింజంత యంత్రం ఒకటి బల్ల మీద పెట్టాడు. “చెవిలో పెట్టుకో. స్వరాల్ని మాటల్లోకి మారుస్తుంది. ముందు ఊరు, తర్వాత పేట, వీధి, ఇంటి నంబరు.”

“ఆవిడ సంగతి?”

“మెసేజ్ ఆగాలి. మిగతాది తర్వాత.”

ఆదివారం పిల్లి నల్ల టీషర్టు, టోపీ, నడుముకు టేపు చుట్టతో స్టేజి టెక్నీషియన్ అవతారమెత్తాడు. పని కూడా నిజంగానే చేశాడు. కేబుళ్లు కాలికి తగలకుండా నేలకు అంటించాడు. మెయిన్ ప్లగ్ చేతికందేంత దూరంలో, స్పీకరు పక్కన నక్కాడు.

బేస్‌మెంట్ కిక్కిరిసిపోయింది. పొగ యంత్రం బుసకొడుతోంది. డ్రమ్ మెషీన్ ఒకే దెబ్బని మొండిగా కొడుతుంటే, బేస్ గిటార్ నేల అదిరేలా మోగింది. ఆమె మాత్రం ఎవరినీ చూడకుండా, అంగడి సామాన్ల ధరలు చదువుతున్నట్టు పాడింది. ఎంత పొడిగా పాడితే అంతగా ఏడుపొస్తోంది, ఇదేం విద్యో! జనం గెంతడం లేదు. కళ్లు మూసుకుని, ఎవరి దుఃఖం వాళ్లు మోసుకుంటున్నట్టు ఊగుతున్నారు.

ఆ ముసలి సింథ్ వేడెక్కితే శ్రుతి తప్పుతుంది. అందుకని ప్రతి పాటకు ముందూ ఆమె తల వంచి, చెవి దగ్గరగా పెట్టి మీటలు సవరిస్తోంది. అలా వంగిన ఆ మెడ చూసి పిల్లికి గుండె చెరువైపోయింది. డ్యూటీ మానేసి పేరు పెట్టి పిలుద్దామనిపించింది.

ఆఖరి పాటకు ముందు ఆమె తల ఎత్తింది. చూసింది. గుర్తుపట్టింది. తల కొద్దిగా అడ్డంగా ఊపింది.

అడ్డు రాకు అనేగా దానర్థం? ఇంకేమనుకుంటాడు!

పాట మొదలైంది. పసుపు రెయిన్‌కోటు చెయ్యి జేబులోకి పోయింది. పిల్లి చెవిలో యంత్రం గొణిగింది. ఊరు సరిపోయింది. పేట కూడా సరిపోయింది.

ఇక ఆగలేకపోయాడు. వీధి పేరు మొదటి అక్షరం పడబోతుండగా ప్లగ్ పీకేశాడు.

బేస్‌మెంట్ చీకటైపోయింది. పాట ఠక్కున ఆగింది. తర్వాత హోరున చప్పట్లు! అదే పాటకు ముగింపనుకున్నారు జనం.

పిల్లి చీకట్లో స్టేజి ఎక్కాడు. “కదలకు.”

“ఎంత పని చేశావు!” అందామె. “వీధి దాకా ఆగలేకపోయావా? ఆ పేటలోనే మీ డిపార్ట్‌మెంటు గ్యారేజీ ఉందిగా, దాని అడ్రస్ పంపిస్తున్నా. వీళ్లంతా తుపాకులు పట్టుకుని తిన్నగా మీవాళ్ల చేతుల్లో పడేవాళ్లు. నేను ఇంటికొచ్చేదాన్ని.”

“మరి… ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పను? నా ఫోను, నా గది, నా బ్యాగు అన్నీ వాళ్ల చేతుల్లోనే. నాకు మిగిలింది పాటొక్కటే. వాళ్లతో వెళ్లింది నేనే, తప్పు నాదే, ఒప్పుకుంటా. తిరిగొద్దామనుకున్నది కూడా నేనే. పెళ్లయ్యాక నా పాట ఒక్కటైనా చివరిదాకా విన్నావా నువ్వు? ఫోన్ మోగేది, లేచిపోయేవాడివి. ఈ ఒక్కటీ వినుంటే సరిపోయేది కదా!”

“నాతో వచ్చెయ్. ఇప్పుడే.”

“వస్తే దారిలోనే ఇద్దరినీ కాల్చేస్తారు. బయట వ్యాన్లో నలుగురున్నారు. సైంటిస్టుని వెంటనే మార్పించు.” ఒక్క క్షణం అతని చెయ్యి పట్టుకుంది. “కన్నీళ్లు పెట్టుకోకు. నిలబడు.”

ఎవరో లైట్లు వేశారు. రెయిన్‌కోటు వాడు స్టేజి మెట్ల దగ్గరే ఉన్నాడు, కళ్లు చికిలించి చూస్తూ. ఆమె చెయ్యి ఎత్తి పిల్లి చెంప ఛెళ్లుమనిపించింది.

“దద్దమ్మా! కేబుల్ తన్నుకుని పాటంతా నాశనం చేశావు కదరా! ఎవడు పెట్టాడు నిన్ను పనిలో?”

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. రెయిన్‌కోటు ముఖంలో అనుమానం పోయి విసుగొచ్చింది. అదే ఇద్దరి ప్రాణాలూ కాపాడింది. పిల్లి తల వంచుకుని “సారీ మేడమ్” అన్నాడు. కన్నీళ్లు బొటబొటా కారుతుంటే, దెబ్బ గట్టిగా తగిలిందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆమె సింథ్ పెట్టెలో సర్ది, వాళ్ల మధ్య నడిచి మెట్లెక్కి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. చూస్తే కొంప మునుగుతుందని ఇద్దరికీ తెలుసు.

చీకటి పడకముందే సైంటిస్టుని మరో ఊరికి తరలించారు. పెద్దాయన ఫోన్ చేసి “శభాష్! ఆఖరి క్షణంలో ఆపావు!” అన్నాడు.

మర్నాడు ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. పాటని సగంలో తుంచెయ్యడం కన్నా గొప్ప ముగింపు ఇంకోటి ఉండదని రాశారు.

రాసినవాడికి పెళ్లయి ఉండదనుకున్నాడు పిల్లి.