పూత కింద కావలిసామి

సేత్తూరు దారిలో మా వంశంవారి మామిడితోపు ముగిసే చోట కావలిసాములు వరుసగా నిలబడి ఉంటారు. ఇటుకా సున్నమూ కలిపి చేసిన నిలువెత్తు బొమ్మలు. చేతుల్లో కత్తులు, మొహాలు పడమటి కొండవైపు. చీకటి పడినాక కొండ దిగి వచ్చేదానితో వారు తెల్లవార్లూ పోరాడుతారనీ, మా పూర్వులు ఈ నేలమీద కాలు పెట్టిన నాటినుంచి ఆ పోరు ఒక్క రాత్రి కూడా ఆగలేదనీ మా ఇళ్ళలో చెప్పుకుంటారు. సాములకు చావు లేదు గనుక ఆ మాటను అందరం గర్వంగానే చెప్పుకునేవాళ్ళం.

ఏటా కొలుపుకు ముందు వారికి కొత్త రంగు వేయిస్తాము. పాత రంగును గీకే ఆచారం లేదు, దానిమీదనే పూస్తారు. కళ్ళను కూడా పూసేసి, పని అంతా ముగిసినాక, పొద్దు గూకేలోగా ఇంటి పెద్ద తన చేత్తో నల్లగుడ్డు దిద్దాలి. మొదట పెద్దకావలికి, ఆ తరువాత మిగిలినవారికి. దానినే కన్ను తెరవడం అంటాము. తెరవకపోతే ఆ రాత్రి పొలిమేరకు కావలి లేనట్టే. ఆ పెద్దరికం ఇప్పుడు నాది.

ఈ ఏడు ఆ పనిమీద నాకు ఎన్నడూ లేని పట్టింపు కలిగింది. టౌనులోని ఇంటికి మరమ్మతు జరుగుతున్నందున నా కోడలు గాయత్రి పసిబిడ్డతో తోపులోని ఇంట్లోనే ఉన్నది. కొండకు అన్నిటికంటే దగ్గర ఇల్లు అది.

నేను వెళ్ళేసరికి ఎండ వాలుతున్నది. పెయింటర్ రామర్ మిగిలిన బొమ్మలన్నీ ముగించి పెద్దకావలి ముందర నిలబడి ఉన్నాడు. గులాబీ, నీలం ఎనామెల్ రంగులు జిడ్డుగా మెరుస్తున్నవి. ఆ రంగులు నాకు ఎప్పుడూ నచ్చలేదు. పెద్దకావలి భుజంమీద మాత్రం పాత పూత బొబ్బలు కట్టి ఉన్నది.

"దీనిమింద పూస్తే నిలువదు అయ్యా. గీకితేనే కుదురుతుంది," అన్నాడు రామర్. "ఎన్ని పూతలు ఉండాయో చూడండి. మా అత్త మొగానికి కూడా ఇన్ని లేవు."

నేను నవ్వి, గీకమన్నాను. కొత్త రంగు పట్టడానికి పాత పొర తీయడం న్యాయమేనని తోచింది.

రామర్ ఇనపరేకుతో గీకితే నీలం ఊడింది. దాని కింద ఆకుపచ్చ, దాని కింద కావి, ఇంకా కిందికి మా తాతలనాటి సున్నం. ఆ తరువాత రేకు మెత్తగా దిగింది.

ముందు వాసన వచ్చింది. సాములకు కోసే వేటల రక్తానికీ, వారికి పెట్టే చుట్టల కంపుకూ అక్కడ అలవాటు పడినవాడినే. ఇది వేరు. రోజుల తరబడి విప్పని పుండుకట్టు వాసన. తీపి. నాలుక వెనక పేరుకునే తీపి.

రామర్ రేకును వెనక్కి లాగినాడు. పచ్చని చీము దానికి అంటుకుని తీగలా సాగింది.

"తేనెపట్టు ఏమో అయ్యా," అని దానిని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. పక్కకు తిరిగి కక్కినాడు.

భుజం లోపల ఇటుక లేదు. మాంసం ఉన్నది. తెగి, అతుక్కుని, అతుక్కున్న చోటనే మళ్ళీ తెగిన మాంసం. ఒక గాయం పెదవుల నడుమ ఇంకొక గాయం. తెల్లని పురుగులు ఒకదానిమీద ఒకటి పొర్లుతున్నవి. అవి మేస్తున్నది చచ్చిన ఒంటిని కాదు... అది అదురుతున్నది.

"నాకు పిల్లకాయలు ఉండారు అయ్యా," అని మాత్రం అన్నాడు రామర్. అతని బైకు శబ్దం రోడ్డుమీద దూరమైపోయింది.

పొద్దు కొండ అంచును తాకింది. ఒక్క కన్ను కూడా తెరవలేదు.

తువ్వాలు ముక్కుకు కట్టుకుని, కుంచె నల్లరంగులో ముంచి పీఠం ఎక్కినాను. చెంపకు ఊపిరి తగిలింది. వెచ్చగా.

"ఒద్దు..."

పెదవులు కదలలేదు. మాట గాయంలోనుంచి బుడగలు చిట్లినట్టు వచ్చింది.

"తెరవొద్దు నాయనా... పండుకుంటాము..."

వరుస పొడుగునా, మెరిసే రంగుల కింద, అదే గొణుగుడు. పండుకుంటాము... పండుకుంటాము...

జేబులో ఫోను మోగింది. గాయత్రి.

"మామా, ఇంకా కాలేదా? కరెంటు పోయినాది. కుక్కలన్నీ ఇంట్లోకి దూరి మంచం కింద పండుకుండాయి. తరిమినా పోవు."

"తలుపు వేసుకో అమ్మా."

"వేసే ఉండాను." ఆమె గొంతు తగ్గింది. "ఎవరో అవతలనుంచి ఆనుకున్నట్టు ఉండాది మామా... తలుపు లోపలికి ఉబ్బుతా ఉండాది."

వెనక బిడ్డ ఏడుపు వినిపించింది. ఫోను ఆగిపోయింది.

ఆ సమయంలో నాకు సాములమీద జాలి కలగలేదు. అసహ్యం కలిగింది. వారి చీము చూసి, వారి బతిమాలుడు విని, ఇంత కుళ్ళును ఏటేటా గులాబీ రంగు కింద దాచి దండం పెట్టిన మా వంశాన్ని తలచుకుని.

"ఇంట్లో బిడ్డ ఉన్నాడు," అన్నాను. "ఈ ఒక్క రాత్రికి."

"మీ తాత కూడా... అదే అడిగినాడు..."

కన్ను దిద్దినాను. కుంచె కింద సున్నం గరుకు తగలలేదు. తడిగా జారింది. ముడుచుకుంది. ఎడమచేత్తో రెప్పను పట్టి ఎత్తి రెండవది దిద్దినాను. వరుసలో ఒక్కరిని కూడా వదలలేదు. చివరి కన్ను తెరుచుకున్నప్పుడు కొండ పక్కన ఏదో పెద్దగా ఊపిరి పీల్చింది... మెల్లగా వెనక్కు తగ్గింది.

ఇంట్లో దీపాలు వెలిగినవి. కుక్కలు ఆరుబయటికి వచ్చినవి. బిడ్డ నిద్రపోయినాడు. నా వేళ్ళనుంచి మాత్రం ఆ తీపి వాసన ఎంత కడిగినా పోలేదు.

పొద్దున బిడ్డకు నీళ్ళు పోస్తూ గాయత్రి నన్ను పిలిచింది. బిడ్డ వీపుమీద, పెద్దకావలి భుజం తెగిన వైపునే, రెక్క ఎముక పక్కన, వేలెడు పొడవు గీత. వెంటనే టౌనుకు తీసుకుపోయినాము. డాక్టరు దానిని వేలితో ఒత్తి ఒత్తి చూసినాడు. బిడ్డ ఏడవలేదు, ఓపికగా ఆయన మొహంలోకి చూస్తూ పడుకున్నాడు.

"నిన్న లేదా?" అని డాక్టరు రెండుసార్లు అడిగినాడు.

"నిన్న నేనే నీళ్ళు పోసినాను. లేదు," అన్నది గాయత్రి.

ఆయన చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. నన్ను బయటికి పిలిచి తలుపు వేసినాడు.

"సార్, తప్పుగా అనుకోవద్దు. అది కత్తిగాటు. మానిపోయి ముప్పై ఏళ్ళైనా అయి ఉంటుంది."