చల్లగాలి గొట్టంలో పసుపు గుడ్డ

టీ తాగి వచ్చేసరికి కారు బానెట్‌కి రెండు పెద్ద కంతలు ఉన్నాయి.

అబ్బాయి కళ్ళు నులుముకుని చూశాడు. తను వెళ్ళేటప్పుడు అవి లేవు. పొద్దున్నే ఆ ఎర్ర రంగుని తళతళలాడేలా తుడిచి తెచ్చాడు. ఇప్పుడు దాని మీద రెండు కంతలు, ముక్కు రంధ్రాల్లాగా.

పక్కనే మెకానిక్ అమ్మాయి కోత మిషను కింద పెట్టి, బానెట్ మీది ఇనుప రజను ఊదుతోంది.

"ఏం చేశారండీ!"

"కోశాను."

"నా కారుని!"

"మీ కారునేగా ఇచ్చారు. పక్కవాళ్ళది కోస్తానా?"

"నన్నో మాట అడగాలి కదండీ!"

"అడిగాను. బానెట్ కోస్తాను, సరేనా అన్నాను. మీరు తలూపారు."

తలూపిన మాట నిజం. ఆమె ఏదో చెప్పింది. చెబుతూ ఎడమ కన్ను కాస్త చిట్లించింది. అతను ఆ కన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ సమయంలో ఇల్లు కోస్తానన్నా ఊపేవాడే.

"మీ ఎడమ కంటికి పవర్ ఉందండి" అన్నాడు, ఏమనాలో తెలియక. "నాది కళ్ళజోళ్ళ షాపు. చూస్తే తెలిసిపోతుంది."

"నా కంటికి ఉందో లేదో గానీ మీ ఇంజనుకి మాత్రం లేదు. ఇలా రండి."

ఆమె బానెట్ ఎత్తింది. ఆ కారు అతని మేనమామది. ఆయన సరదాపడి దానికి టర్బో పెట్టించాడు. ఆ సరదా తీరాక కారుని మేనల్లుడికి అంటగట్టాడు.

"ఇది టర్బో. ఇంజనులోకి గాలిని గట్టిగా తోస్తుంది. నిప్పులా కాలుతుంది. దీని పక్కన ఉన్నది ఫిల్టరు. ఇంజను గాలి పీల్చేది దీంట్లోంచే. పొయ్యిలో ముక్కు పెట్టి ఊపిరి పీల్చమంటే మీకు ఆడుతుందా?"

"ఆడదు."

"దానికీ ఆడదు. వేడిగాలి పలచన. పలచని గాలితో బలం రాదు. సిగ్నలు దగ్గర ఆగి బయల్దేరితే ఈడ్చుకుంటూ పోతోందన్నారుగా. ఇదే కారణం."

"మరి ఆ కంతలు?"

"లోపలి వేడి బయటికి పోవద్దూ?"

"వానొస్తే?"

"తడుస్తుంది. మీ కారేమన్నా ఉప్పుముక్కా, కరిగిపోవడానికి?"

షెడ్డులో బల్ల మీద కూర్చున్న పెద్దాయన దగ్గాడు. ఆయన ఆ అమ్మాయి తండ్రి. బజారంతా ఆయన్ని మేస్త్రి అంటుంది. కూతుర్ని మాత్రం కూలర్ అంటుంది. ఎంత వేడెక్కిన బండినైనా చల్లబరుస్తుందని ఎవరో సరదాకి పెట్టారు, అదే నిలిచిపోయింది.

మేస్త్రి కూతురికి ఒంటరిగా ఒప్పజెప్పిన మొదటి బండి ఈ ఎర్ర కారే. ఆమె చేతుల మీది కాలిన మచ్చలు చూసి ఆయన లోలోపల కుమిలిపోయేవాడు. పైకి మాత్రం గట్టిగా ఒక మాట చెప్పాడు.

"ఈ బండి వేడి దించు. దించితే పక్క షెడ్డు నీది. నీ ఇష్టమొచ్చినట్టు పని చేసుకో. వేడి మళ్ళీ ఎక్కిందని బండి తిరిగొస్తే ఒకసారి ఊరుకుంటాను, రెండోసారి ఊరుకుంటాను. మూడోసారి పానాలు కింద పెట్టి మీ అత్త లాండ్రీలో కూర్చోవాలి. అక్కడ కనీసం నీడపట్టున కూర్చోవచ్చు."

"అక్కడ ఇస్త్రీపెట్టెల వేడి నాన్నా."

"అవి నీ చెయ్యి కాల్చవు. బట్టలు కాలిస్తే కాలుస్తాయి."

ఈ మాట అబ్బాయికి తెలియదు. తెలిసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆమె టర్బో గొట్టానికి వేడి తట్టుకునే పట్టీ చుట్టింది. ఫిల్టరు చుట్టూ రేకు డబ్బా కట్టింది. ఆ డబ్బా నుంచి హెడ్‌లైటు కింద దాకా లావు గొట్టం వేసింది, బయటి చల్లగాలి నేరుగా లోపలికి వచ్చేలా. ఇవన్నీ చెయ్యకముందే డ్రైవరు ఎదురుగా ఒక చిన్న మీటరు పెట్టింది. ఇంజను పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది.

అప్పుడు డెబ్భై డిగ్రీలు చూపించిన మీటరు ఇప్పుడు నలభై దాటలేదు. సిగ్నలు పచ్చగా మారగానే కారు వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకింది. అబ్బాయి అదిరిపోయాడు. ఒక్కడే కారులో కూర్చుని పెద్దగా అరిచాడు.

ఆ సంతోషం వీధి మలుపు దాకానే. అక్కడ ఒక సంగతి తట్టి కారు పక్కకి ఆపాడు.

బండి బాగైపోయింది. ఇక షెడ్డుకి వెళ్ళే పనేముంది?

అతని షాపులో పసుపు గుడ్డలు కట్టలు కట్టలుగా ఉంటాయి. కళ్ళజోడు కొన్నవాళ్ళకి అద్దాలు తుడుచుకోమని ఇస్తాడు. ఒకదాన్ని ఉండ చుట్టి హెడ్‌లైటు కింది గొట్టంలో కుక్కాడు. చల్లగాలి ఆగిపోయింది. ఇంజను పాపం డబ్బా సందుల్లోంచి పక్కనున్న వేడిగాలినే పీల్చుకుంది. మీటరు పైకి లేచింది. షెడ్డు దగ్గరపడగానే గుడ్డ లాగి జేబులో పెట్టుకుని, దిగులు మొహంతో లోపలికి వెళ్ళాడు.

"మళ్ళీ వేడెక్కుతోందండీ."

ఆమె ఉలిక్కిపడింది. మీటరు చూసింది. అరవై అయిదు. ఎడమ కన్ను ఇంకా చిట్లించి చూసింది. అంతే ఉంది.

"ఇలా ఎందుకవుతుంది?"

"నాకేం తెలుసండీ? నిదానంగా చూడండి. నాకు తొందరేం లేదు."

ఆమె అన్నీ విప్పింది. తప్పు దొరకలేదు. అయినా గొట్టానికి వెండిరంగు టేపు చుట్టింది. రేడియేటరు పక్క సందులన్నీ మూసింది. అబ్బాయి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు.

"లైటు ఇంజను మీద వెయ్యండి. నా మొహం మీద కాదు."

"సారీ అండీ."

మళ్ళీ గుడ్డ కుక్కి రెండోసారి వచ్చినప్పుడు వాన మొదలైంది. కారు షెడ్డు బయట ఉంది. చినుకులు కంతల్లోంచి టర్బో మీద పడి చుయ్యిమన్నాయి.

"అయ్యో, కాలిపోతోంది!"

"అది ఆవిరి. అరవకండి."

వాన ఒక్కసారిగా పెరిగింది. ఆమె బానెట్ ఎత్తగానే ఇద్దరూ దాని కిందికి దూరారు. రెండు కంతల్లోంచి ఇద్దరి నెత్తి మీదా చెరో ధార పడింది.

అబ్బాయి పైకి చూశాడు. తర్వాత ఆమెని చూశాడు.

"కొలిచి కోశారా ఏంటండీ?"

ఆమెకి నవ్వాగలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే కడుపు పట్టుకుని నవ్వింది. వెంటనే ఏదో గుర్తొచ్చి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అబ్బాయికి తెలియలేదు.

"ఇంకోసారి రాకుండా చేస్తాను" అంది మెల్లగా.

"పర్లేదండీ, వస్తాను."

"వద్దు!" అంది. ఆ గొంతుకి అతను తెల్లబోయాడు. ఆ రోజంతా ఆలోచించాడు. తనంటే ఇష్టం లేదేమో అనుకున్నాడు. ఒక్కసారి వెళ్ళి నేరుగా అడిగేద్దామనుకున్నాడు. వెళ్ళడానికి మళ్ళీ గుడ్డే కావాల్సి వచ్చింది.

ఈసారి దారిలో మేస్త్రి చెయ్యెత్తి కారు ఆపాడు. తలుపు తీసి పక్కన కూర్చున్నాడు.

"షెడ్డుకేగా? పద బాబూ."

అబ్బాయికి ఒళ్ళు చల్లబడింది. ఇంజను మాత్రం చల్లబడలేదు. గుడ్డ గొట్టంలోనే ఉంది. దిగి తీద్దామంటే పక్కన పెద్దాయన. మీటరు యాభై అయిదు చూపించింది. అరవై అయింది. మేస్త్రి దాన్నే చూస్తున్నాడు. డెబ్భై దాటాక కళ్ళు మూసుకున్నాడు.

షెడ్డు ముందు దిగి కూతుర్ని పిలిచాడు.

"నేను కూర్చుని చూశానమ్మాయ్. డెబ్భై రెండు. మూడోసారి."

ఆమె మీటరు మీదికి వంగి చూసింది. "నాన్నా, నేను అన్నీ సరిగ్గానే..."

"మాటంటే మాటే. పానాలు పెట్టెలో పెట్టు. రేపు అత్త దగ్గరికి వెళ్ళు."

"ఏమైందండీ? ఎక్కడికి వెళ్ళడం?" అన్నాడు అబ్బాయి.

"నీకు సంబంధం లేదులే బాబూ. ఈ బండి మూడోసారి వేడెక్కొస్తే తను పని మానెయ్యాలి. అది మా ఇంటి ఒప్పందం. నీ బండి నేను చేసిస్తాను."

అబ్బాయికి నెత్తిన పిడుగు పడినట్టయింది. వానలో ఆగిపోయిన నవ్వు అర్థమైంది. ఆ "వద్దు" కూడా అర్థమైంది.

ఆమె పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెడుతోంది. ఏడవడం లేదు.

నోరు మూసుకుంటే ఆమె పని పోతుంది. తెరిస్తే ఆమె మొహం ఇక చూడలేడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని హెడ్‌లైటు కింద చెయ్యి పెట్టాడు. ఉండ లోపలికి జారిపోయింది. మోచెయ్యి దాకా దూర్చి లాగాడు.

పసుపు గుడ్డ బయటికొచ్చింది. నల్లగా మరకలు పడి ఉంది. అయినా దాని మీద అచ్చు వేసిన మాటలు బాగానే కనపడుతున్నాయి. "మసకగా ఉందా? మా దగ్గరికి రండి."

మేస్త్రి దగ్గరికొచ్చి ఆ మాటలు చదివాడు.

"నేనే పెట్టానండి" అన్నాడు. "మూడుసార్లూ నేనే. ఆవిడ పనిలో ఏ తప్పూ లేదు."

"ఎందుకయ్యా?" అన్నాడు మేస్త్రి. "ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. బండి బాగైపోతే ఇక్కడికి రావడానికి నాకు వేరే దారి తెలియలేదు."

ఆమె చేతిలోంచి పానా జారి కింద పడింది. ఆ చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు.

"నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది" అంది. "నా కళ్ళ మీద కూడా పోయింది. మీటరు తప్పు చదువుతున్నానేమో అనుకున్నాను. మీరు పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నారు."

"తెలిసుంటే చెయ్యనండి. నిజంగా..."

"వెళ్ళిపోండి."

"ఆగు" అన్నాడు మేస్త్రి. తాళాలు లాక్కుని కారెక్కి వెళ్ళాడు. అబ్బాయీ అమ్మాయీ చెరో పక్క నిలబడ్డారు, ఒకరినొకరు చూసుకోకుండా. కారు తిరిగొచ్చింది. మేస్త్రి దిగి మీటరు వైపు చూపించాడు.

"ముప్ఫై ఎనిమిది. సిగ్నలు దగ్గర ఆగాను కూడా. ఇంత పని నావల్ల కూడా కాదు." పక్క షెడ్డు తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. కారు తాళాలు అబ్బాయికి ఇచ్చాడు. ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అబ్బాయి ఆ వీధిలోకి వెళ్ళలేదు. చుట్టుతిరుగుడు దారిన షాపుకి వచ్చేవాడు. కారు హాయిగా పరిగెత్తేది. అతనికే ఊపిరి ఆడేది కాదు.

ఒకరోజు షాపు తలుపు తెరుచుకుంది. ముందు మేస్త్రి, వెనక ఆమె. అబ్బాయి చేతిలో ఉన్న కళ్ళజోడు కౌంటరు మీద పడిపోయింది.

"అమ్మాయికి మసకగా ఉందట" అన్నాడు మేస్త్రి, పైకప్పు చూస్తూ. "చూడు. నేనిక్కడ కూర్చుంటాను."

లోపలి గదిలో ఆమె కుర్చీలో కూర్చుంది. అబ్బాయి పరీక్ష ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టాడు. గోడ మీది అక్షరాలు చూపించాడు.

"చివరి వరస చదవండి."

"మసక."

అద్దం మార్చాడు. "ఇప్పుడు?"

"మసక."

ఇంకోటి మార్చాడు. "ఇప్పుడో?"

"ఇంకా మసక."

ఏ అద్దానికీ తేటపడకపోతే అది చిన్న సంగతి కాదు. రెండు అద్దాలూ తీసేశాడు. ఖాళీ ఫ్రేములోంచి ఆమె కళ్ళు నేరుగా చూస్తున్నాయి. రెండు కళ్ళూ విప్పారి ఉన్నాయి. ఏదీ చిట్లించలేదు.

అతనికి అనుమానం వచ్చింది. "ఇప్పుడెలా ఉందండీ?"

"అబ్బే. మసకే."

"అందులో అద్దాలే లేవండీ."

ఆమె పెదాలు బిగబట్టుకుంది. నవ్వు మాత్రం కళ్ళలోంచి తప్పించుకుని బయటపడింది.

"అబద్ధమా?" అన్నాడు, నమ్మలేక. "మీ కళ్ళకి ఏం లేదా? మరి ఆ చిట్లింపు?"

"వెల్డింగు అలవాటు. ఏం, నువ్వు గొట్టంలో గుడ్డ కుక్కొచ్చు, నేను అబద్ధం ఆడకూడదా? నాకు మాత్రం ఇక్కడికి రావడానికి వేరే దారి తెలుసా?"

నువ్వు అంది. అతను గోడ పట్టుకున్నాడు.

"కోపం పోయిందా?"

"పోలేదు. దిగుతోంది. నెమ్మదిగా దిగుతుంది, పట్టీ చుట్టిన గొట్టంలాగా."

"పవర్ ఉందా బాబూ?" అని బయటినుంచి మేస్త్రి కేకేశాడు.

"లేదండీ..."

"ఉంది నాన్నా!" అంది ఆమె అంతకంటే గట్టిగా. "వారం వారం వచ్చి చూపించుకోవాలట."

బయట కుర్చీ జరిగిన శబ్దం. మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వారం వారం ఇంత దూరం ఎవరు తిరుగుతారు? అదేదో ఇంట్లోనే రోజూ చూసుకోండి. బాబూ, మీ పెద్దవాళ్ళని ఒకసారి షెడ్డుకి తీసుకురా. కారులోనే తీసుకురా. మీటరు కూడా చూస్తాను."

అబ్బాయికి నుదుటి మీద చెమట పోసింది. చేతికందిన గుడ్డతో తుడుచుకున్నాడు. తీరా చూస్తే అది పసుపు గుడ్డ. గబుక్కున వెనక దాచుకున్నాడు.

మేస్త్రి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. "సరేనా?"

అబ్బాయి తలూపాడు.

"నాన్నా, ఆ ఊపుడు నమ్మకు" అంది ఆమె. "దేనికి ఊపారో అడుగు ముందు."

"ఈసారి విని ఊపానండి" అన్నాడు అబ్బాయి.