చివరింటి తలుపు గీకేవాడు

ఆ సందులో చివరి ఇంట్లో ఎవరూ నిలవలేదు.

దర్జీ కుటుంబం తొమ్మిది రోజులుంది. తర్వాత వచ్చిన బడిపంతులు నాలుగు రాత్రులకే పెట్టె సర్దాడు. ఎందుకు పోతున్నారు మాస్టారూ అంటే, "ఇల్లు మంచిదే, గాలి సరిగ్గా ఆడటం లేదు" అన్నాడు. పెద్దమనిషి కదా, భయపడ్డానని చెప్పడానికి నోరు రాలేదు.

భయం దేనికంటే — రాత్రి పదకొండు దాటాక ఆ ఇంటి మెట్ల మీద అడుగులు పడతాయి. ఒకటి... రెండు... మూడు. కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత తలుపు మీద గీకుడు మొదలవుతుంది. గర్రు... గర్రు... మధ్యమధ్య ఆగి, నాలుక మందమైన గొంతు ఒకటి బతిమాలుతుంది.

"నేనే... తియ్యి... నేనే..."

ఎప్పుడో ఒక కాంపౌండరు ఆ ఇంట్లో ఉండేవాడట. ఓ రాత్రి బయటికెళ్ళి వచ్చి, తలుపు తెరుచుకోక, ఆ మెట్ల మీదే పడి ప్రాణం వదిలాడట. ఆయనే ఇంకా లోపలికి రావాలని చూస్తున్నాడని సందంతా చెప్పుకునేవాళ్ళు. కాంపౌండరు పోయి పదేళ్ళు. గీకుడు మొదలై ఏడాదిన్నర. మధ్యలో అన్నేళ్ళు దెయ్యం ఎక్కడ కాలక్షేపం చేసిందని ఎవరూ అడగలేదు. భయపడ్డవాడు లెక్కలడగడు.

ఈ కథ అందరికన్నా బాగా చెప్పేవాడు వడ్రంగి మేస్త్రి. పనిలో దిట్ట. ఆయన బిగించిన తలుపు వానాకాలంలో కూడా పట్టెయ్యదని పేరు. కొట్టు పెద్దవీధిలో. ఇల్లు రెండో సందులో. ఇంటికి పోవాలంటే ఈ చివరింటి ముందు నుంచి, దాని పక్క ఇరుకు దారిలోంచి పోవాలి. అక్కడ కూడా చివరిదే మేస్త్రి ఇల్లు. రెండిళ్ళూ ఒక్క మనిషే ఒకే అచ్చున కట్టించాడు. అవే మూడు మెట్లు, అదే తలుపు.

"నువ్వు కళ్ళారా చూశావా మేస్త్రీ?" అని టీకొట్టు దగ్గర అడిగేవాళ్ళు.

"చూడటమేమిటి, వాడి ఊపిరి నా మెడకి తగిలింది."

"మరి పరుగెత్తలేదూ?"

"ఆ మెట్ల దాకా గుర్తుంది. తర్వాత పొద్దున మంచం మీద లేచాను. మధ్యలో ఏమైందో వాడికే తెలియాలి. మనిషి మతి లాగేస్తాడు వాడు."

"మతి లాగేసి మంచం దాకా దిగబెడుతున్నాడా? మర్యాదస్తుడే" అనేవాడు టీకొట్టాయన. అందరూ నవ్వేవాళ్ళు. మేస్త్రి నవ్వేవాడు కాదు. ఆయనకి నిజంగానే భయం. ఆ భయానికే, కొట్టు కట్టేశాక, మందుషాపులో ధైర్యం పోసుకుని బయలుదేరేవాడు. దెయ్యం లేకపోతే నాకీ అలవాటే లేదు అనేవాడు.

తాగేవాడికి దాహం కన్నా ముందు కారణం పుడుతుంది.

భార్య ఒకసారి అడగనే అడిగింది. "రాత్రి దెయ్యానికి భయపడి తాగుతున్నారు, సరే. ఆదివారం మధ్యాహ్నం ఎవరికి భయపడి?"

"ఆదివారం నడుంనొప్పి" అన్నాడు.

ఆవిడ ఏడేళ్ళ కూతుర్ని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

అలా ఉండగా ఆ చివరింట్లోకి ఒక నర్సమ్మ దిగింది. ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. ఇంటి సంగతి ముందే చెప్పారు. "చచ్చినవాళ్ళతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు లెండి, బతికున్నవాళ్ళే పీక్కుతింటారు" అని సామాను దించుకుంది.

మూడో వారం ఒక మధ్యాహ్నం ఆవిడ మేస్త్రి కొట్టుకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మేస్త్రి గారూ, మా తలుపుకి లోపలినుంచి అడ్డగడియ కావాలి. మనిషి తోసినా కదలనిది. ఇవాళే."

"రేపు చూద్దాం లేమ్మా."

"రేపటికి మా అమ్మ ఉండాలి కదా."

మేస్త్రి చేతిలో రంపం ఆగిపోయింది.

నర్సమ్మ గొంతు తగ్గించి చెప్పింది. రాత్రి తనకి డ్యూటీ. తల్లి ఒక్కతే ఉంది. వాడు వచ్చాడు. ఈసారి ఊరికే గీకలేదు. తలుపు సందులోంచి ఇనుప నాలుక ఒకటి లోపలికి వచ్చి, గడియని వెతుక్కుంటూ పైకీ కిందికీ ఆడిందట. ముసలావిడ గడియని రెండు చేతులా పట్టుకుని, తలుపుకి వీపానించి తెల్లవారేదాకా అలాగే నిలబడింది.

"నేనొచ్చేసరికి ఆ వేళ్ళు విడదీయడం నావల్ల కాలేదు మేస్త్రి గారూ. ఇలాంటిది ఇంకొక్క రాత్రి జరిగితే గుండె ఆగిపోతుందన్నాడు డాక్టరు."

మేస్త్రికి ఆ ఇంటి గడప తొక్కాలని లేదు. కానీ ముసలి ప్రాణం మాట. పొద్దుండగానే ముగించుకుని బయటపడాలని సంచీ భుజాన వేసుకున్నాడు.

పని అనుకున్నంత తొందరగా తెమల్లేదు. గోడ గట్టిది, కొక్కేలు ఓ పట్టాన దిగలేదు. ఆరు కావస్తుంటే నర్సమ్మ చెప్పులు వేసుకుంది. "అమ్మకి మందులు తెస్తాను. ఇవాళ్టికి సెలవు అడిగి వస్తాను. మీరున్నారుగా, నాకు ధైర్యం" అంది. ఆగమనడానికి మేస్త్రికి మొహం చెల్లలేదు.

ఆవిడ వెళ్ళింది. ఇంట్లో చప్పుడు లేదు. మంచం మీద ముసలావిడ కళ్ళు మూసుకుని పడి ఉంది. పొద్దుటినుంచి లేవలేదు.

ఆరున్నర. రోజూ ఆ వేళకి మేస్త్రి షాపు ముందు నిలబడి ఉంటాడు. చేతులు మెల్లగా వణకడం మొదలెట్టాయి. నాలుక ఎండి అంగిలికి అంటుకుంటోంది. సంచీ అడుగున సీసా ఉంది — ఆడవాళ్ళున్న ఇంట్లో తాగకూడదని పెదవి కొరుక్కున్నాడు. ఎలాగో అడ్డగడియ బిగించాడు. ఎత్తి వేస్తే ఏనుగు తోసినా రాదు.

ఇక మిగిలింది బయటి పని. ఇనుప నాలుక దూరిన ఆ సందు మీద ఒక చెక్కపట్టీ కొట్టాలి. సంచీ భుజాన వేసుకుని, టార్చి పట్టుకుని మేస్త్రి మెట్ల మీదికి వచ్చి, తలుపు దగ్గరగా లాగాడు.

బయట వీధి మసకబారింది. పక్కిళ్ళవాళ్ళు అప్పుడే కిటికీలు వేసేసుకున్నారు.

టార్చి వెలుగు తలుపు అంచున పడింది. గాట్లు... గడియ ఉండే ఎత్తులో... పదులకొద్దీ. కొన్ని పాతవి, మురికి పట్టినవి. కొన్ని నిన్నటివి, లోపల చెక్క తెల్లగా కనిపిస్తోంది.

మేస్త్రికి పారిపోవాలనిపించింది. అయినా కన్ను పనివాడి కన్ను. అది చూడటం మానలేదు. ఇవి గోళ్ళ గీతలు కావు. పిచ్చిపట్టి గీకినవీ కావు. గడియ ఎక్కడుంటుందో, దాన్ని ఏ వాలున పైకి లేపాలో తెలిసిన చెయ్యి ఇది. కాంపౌండరుకి ఇంత పని ఎలా వచ్చింది?

ఇంకా దగ్గరగా వంగాడు. కొత్త గాట్లన్నిటిలో మధ్యన, దారం పరిచినట్టు, ఒక సన్నటి గీత ఎత్తుగా నిలిచి ఉంది. ఉలి పదునుకి పెచ్చు ఊడితే, ఆ పెచ్చు పోయిన చోట చెక్క తెగక అలా నిలుస్తుంది. మేస్త్రి ఉలికి పోయిన నెలలో ఒక పాత మేకు తగిలి, సరిగ్గా నడిమధ్యన గింజంత పెచ్చు లేచింది.

దెయ్యం రాత్రిపూట కొట్టులో దూరి నా ఉలి ఎత్తుకొచ్చిందేమో — అనుకున్నాడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ. కానీ సంచీ కొట్టులో ఉండదు. రోజూ భుజానే ఇంటికి వస్తుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నాక తన ఇంటి తలుపు గడియ ఈ ఉలితోనే, ఇలాగే, ఈ వాలునే కదా పైకి లేపేది...

లేదు. అలా కాదు. చూస్తే తెలిసిపోతుంది. ఉలి తీశాడు. నిన్నటి గాటులో దాన్ని ఆనించి నెమ్మదిగా జరిపాడు.

గర్రుమంది. దారంలాంటి ఆ గీత ఉలికి పెచ్చు ఊడిన చోట ఒదిగిపోయింది.

లోపల మంచం కిర్రుమంది.

"వచ్చాడు..." ముసలావిడ గొంతు. "వాడే... మళ్ళీ వచ్చాడు..."

"కాదమ్మా" అన్నాడు మేస్త్రి కంగారుగా. ఎండిన నాలుక తిరగలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. "భయపడకండి... నేనే... తియ్యండి... నేనే..."

ఆ గొంతు సందులో పోయి గోడకి తగిలి ఆయన చెవినే పడింది.

పొద్దుటినుంచి మంచం దిగని మనిషి ఎలా లేచిందో, ఎక్కడి బలమో — లోపల అడ్డగడియ ధన్‌మని పడింది.

మేస్త్రి అరవలేదు. పరుగెత్తలేదు కూడా. పరుగెత్తి ఎవరి నుంచి తప్పించుకుంటాడు? ఉలి చేతిలోంచి జారి కింద పడింది. ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగాడు. ఏడాదిన్నరగా ఎవరికి జడిసి తాగుతున్నాడో వాడే, తాగిన ప్రతి రాత్రీ, తన ఇల్లనుకుని ఈ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకో నాలుగు గంటల్లో పదకొండవుతుంది. వాడు మళ్ళీ వస్తాడు. ఈ ముసలి ప్రాణం పోతుంది.

అప్పుడు చేతిలో ఏదో చల్లగా తగిలింది. చూసుకున్నాడు. సీసా. సంచీలోంచి ఎప్పుడు తీశాడో తెలియదు. మూత సగం తిరిగి ఉంది. వేళ్ళు మిగతా సగం తిప్పుతున్నాయి... ఎవరూ చెప్పకుండానే... వాటి దారిన అవి...

ఆ సాయంత్రం మేస్త్రిని అన్నిటికన్నా భయపెట్టింది ఆ చెయ్యి. పామును వదిలించుకున్నట్టు సీసాని కింది మెట్టు మీద పెట్టి, సందు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు.

నర్సమ్మ వచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"ఏమైంది? అమ్మ...?"

"బాగానే ఉంది. గడియ వేసుకుంది. మీరు పిలవండి, నేను పిలవకూడదు."

ఆవిడ పిలిచింది. లోపలినుంచి సన్నగా జవాబు వచ్చాక వెనక్కి తిరిగింది. "సెలవిచ్చారు మేస్త్రి గారూ. ఇవాళ వాడు వస్తే నేనే చూస్తా వాడి సంగతి."

"చూడండి" అన్నాడు మేస్త్రి. "వచ్చి నిలబడే ఉన్నాడు."

నర్సమ్మ ఆయన్ని చూసింది. కింద పడి ఉన్న ఉలిని చూసింది. మెట్టు మీది సీసాని చూసింది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు చేసిన మనిషి. రెండోసారి అడగలేదు. కోపం మొహమంతా పాకింది, దవడ బిగిసింది.

"మా అమ్మ చచ్చిపోయుండేది" అంది.

"అవునమ్మా. అది మానేస్తానని ఒట్లు వేసినవాణ్ణే నేను, చాలాసార్లు. ఒట్టు ఈ చేతికి తెలియడం లేదు. మీ ఆసుపత్రిలో మాన్పించే చోటుందటగా. ఇప్పుడు తీసుకుంటారా? పదకొండు లోపల నన్ను ఎక్కడైనా పెట్టండి."

ఆవిడ సంచీలోంచి చీటీ తీసింది. "రోజుకెంత?"

"ఒక..." ఆగాడు. "రెండు సీసాలు. ఆదివారం ఇంకా ఎక్కువ."

"మొదటిసారే నిజం చెప్పినవాణ్ణి ఇవాళే చూస్తున్నాను." రాసి ఇచ్చింది. "వెనక వరండాలో ఏడో గది. ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు రావచ్చు, డాక్టరు కళ్ళముందే మానాలి. నేను అమ్మని వదిలి రాలేను. ఒక్కరే వెళ్ళగలరా?"

"దారిలో షాపుందమ్మా."

"అయితే ఇంట్లోవాళ్ళని తోడు తీసుకెళ్ళండి. ఉలీ సీసా ఇక్కడే ఉంటాయి."

మేస్త్రి ఇరుకు దారిలోంచి రెండో సందులోకి నడిచాడు. ఏడున్నర దాటింది. తన ఇంటి కిటికీలో దీపం వెలుగుతోంది. లోపల కూతురు ఏదో పాఠం గట్టిగా చదువుతోంది. ఈ వేళప్పుడు ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు.

మెట్లెక్కాడు. ఒకటి... రెండు... మూడు.

చదువు ఆగిపోయింది.

దీపం ఆరిపోయింది. చిన్న పాదాలు గబగబా పరుగెత్తిన చప్పుడు. ఏదో బరువైనది — పెట్టో, మంచమో — నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి తలుపుకి లోపలి వైపున ఆనింది.

మేస్త్రి చీటీ పట్టుకుని చీకట్లో నిలబడ్డాడు. రాత్రిపూట భయం ఆ ఒక్క తలుపు వెనకే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

తలుపు ముట్టుకోలేదు.

"నేను లోపలికి రావడానికి రాలేదు" అన్నాడు. "ఆసుపత్రికి వెళ్ళాలి. తాగుడు మాన్పించుకోవడానికి. ఒక్కణ్ణే వెళ్తే దారిలో ఆగిపోతాను. నువ్వు తోడొస్తే వెళ్తాను."

లోపల ఏ చప్పుడూ లేదు.

తర్వాత తలుపుకి ఆ పక్కన, చాలా కిందుగా, కూతురి గుసగుస వినిపించింది.

"అమ్మా... ఇవాళ వచ్చింది నాన్నేనా?"

"ఉండమ్మా" అంది తల్లి, అంతకన్నా మెల్లగా. "ఇంకొక్క మాట మాట్లాడనీ."