పదో మనిషిగా ఎక్కించిన రాయి

మా బర్మాలో కలా నుంచి థాజీకి దిగే కొండదారిలో ఒక మలుపు ఉంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపిన డ్రైవరు లేడు. హారన్ మూడుసార్లు కొట్టి, చూపు రోడ్డు మీదే పెట్టుకుని దాటేస్తారు. అక్కడ ఒకడు నిలబడతాడట... తల మీద ముసుగు, చేతిలో గుడ్డిదీపం. చెయ్యెత్తుతాడట. ఆపితే ఎక్కుతాడట — ఎక్కినవాడు ఇక దిగడట.

అందరూ చెప్పేది ఇంతే. ఆ మలుపు కింద ఎవరున్నారో మాత్రం ఎవడూ చెప్పడు. నేను చెబుతాను.

రోడ్డు వెడల్పు చేసిన ఏడాది మిలిటరీవాళ్ళు ఇంటికో మనిషిని పట్టుకుపోయారు. కూలి లేదు. తిండి కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. వానల్లో కొండ విరిగి పడింది. పదకొండు మంది మట్టి కింద ఉండిపోయారు. తవ్వి తీసుకుంటామని కాళ్ళు పట్టుకున్నా ఒప్పుకోలేదు, రోడ్డు ఆలస్యమవుతుందన్నారు. వాళ్ళ మీదే కంకర పరిచారు. ఇన్నేళ్ళుగా బళ్ళన్నీ వాళ్ళ రొమ్ముల మీదుగానే పోతున్నాయి. మూడుసార్లు హారన్ కొడితే తీరిపోయేదా అది?

సరే, జరిగింది చెబుతాను. ఇందులో సగం డా ఓన్ శీ అని, అల్లం వ్యాపారం చేసే పెద్దావిడ, ఆ రాత్రి బండిలో ఉన్నావిడే, ఏడుస్తూ చెప్పింది. మిగతా సగం నాకెలా తెలుసో మీకే అర్థమవుతుంది.

ఆ పిల్ల పేరు మరైకా. ఎక్కడో హాలండు దేశం. వీపున తన ఎత్తు సంచీ వేసుకుని, ఏది చవగ్గా దొరికితే అది ఎక్కుతూ నెల రోజులు తిరిగింది. రైల్లో చెక్కబల్లలు, లారీ మీద బస్తాలు, కూరగాయల పడవలు. టీ అడగడం, బండెప్పుడని అడగడం — అంతవరకు మా మాటలు నేర్చుకుంది. ఇది జరిగిన మర్నాటితో ఆమె వీసా గడువు ముగుస్తుంది. ఆ రాత్రి థాజీలో రంగూన్ రైలు ఎక్కితేనే విమానం అందుతుంది. అందకపోతే ఏమవుతుందో, ఇక్కడ ఆఫీసుల మెట్లెక్కి దిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

బస్సుకి డబ్బు చాలక కో సాన్ టిన్ నడిపే పికప్ బండి ఎక్కింది.

బయల్దేరినప్పుడు డ్రైవరుతో కలిపి పదిమంది. దారిలో ఒక పెద్దాయన దిగిపోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. మలుపు దగ్గర హారన్ కొడుతూ కో సాన్ టిన్ అద్దంలో వెనక్కి చూశాడు. లెక్కపెట్టాడు.

తొమ్మిది.

మాలో తొమ్మిదిమంది కలిసి ప్రయాణం చెయ్యరు. చేస్తే ఒకరు ఇల్లు చేరరు. తప్పనిసరైతే ఒక రాయిని ఎక్కించుకుని, నువ్వు పదో మనిషివి, మాతో రా అని చెప్పి కదులుతారు. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ భయంతోనే ఆ మహానుభావుడు ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడే ఆగాడు. చీకట్లో చేతికందిన రాయి ఒకటి తెచ్చి, ఇంకెక్కడా చోటు లేక మరైకా ఒళ్ళో పెట్టాడు.

"లెక్క రానివాడికి బండి ఎవడిచ్చాడ్రా," అని డా ఓన్ శీ దెప్పింది. ఎవరో నవ్వారు.

తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది... ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు.

వాన అందుకుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెనకంతా టార్పాలిన్ కప్పేశారు. లోపల మోకాలికి మోకాలు ఒరుసుకుంటోంది. అల్లం వాసన, తడిబట్టల వాసన, ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీల్చాలి. బయటికి చూడ్డానికి టార్పాలిన్‌లో ఒక్క చిరుగు... అంతే.

ఆ చిరుగులోంచి డా ఓన్ శీయే ముందు చూసింది.

దీపం.

మలుపు చివర... గుడ్డిదీపం. దాని పైన ముసుగు. దేన్నో వెతుకుతున్నట్టు నేల మీదికి వంగి వంగి వస్తోంది. ఆగింది. బండివైపు తిరిగింది. చెయ్యెత్తింది.

"ఒరే... ఆ రాయి ఎక్కడ తీశావురా?" అంది ఆవిడ, చిరుగు వదలకుండానే.

"పక్కన... పేర్చి ఉన్నాయి. పైది తీశాను."

పారేయమన్నారొకరు. పారేస్తే మళ్ళీ తొమ్మిదే కదా అన్నారింకొకరు. ఆ చీకట్లోనే అందరి ముఖాలూ మరైకా వైపు తిరిగాయి. ఒకరు దిగితే ఎనిమిది. ఎనిమిదికి రాయితో పనిలేదు.

మరైకాకి వాళ్ళ మాటలు అర్థం కాలేదు. ముఖాలు అర్థమయ్యాయి. "థాజీ... రైలు," అంది మెల్లగా. ఇంకోసారి అంది. ఇంకోసారి.

ఆమెను కిందికి దింపిన చేతులు ఎవరివో ఆమెకు తెలీదు. తనవేనని డా ఓన్ శీ నా దగ్గర ఒప్పుకుంది. వెనక లారీ వస్తుందమ్మా, అందులో ఎక్కు అందట. అందుకే ఆవిణ్ణి క్షమించాను. మిగతావాళ్ళని క్షమించలేదు. కాళ్ళ దగ్గర సంచీ పడేశారు. రాయి ఆమె చేతుల్లోనే ఉంది. మగాళ్ళు దిగి బండిని తోశారు. ఇంజను అందుకుంది. వెనక ఎర్రలైటు మలుపు తిరిగి... పోయింది.

ఎటు పరిగెత్తాలి? ఇటు కొండ, అటు లోయ. దీపం దగ్గరికి వస్తోంది. ముసుగు అంచుల్నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె కదల్లేదు. ముడతలు పడ్డ చెయ్యి ఒకటి బయటికొచ్చింది...

"ఆ రాయి ఇటివ్వమ్మా."

ఆ ముసుగు గోనెసంచి. దాని కింద ఉన్నది నేను.

అవును, ముప్పై ఏళ్ళుగా ఈ డ్రైవర్లు చూసి పారిపోతున్న దెయ్యాన్ని నేనే. ఆ పదకొండు మందిలో న్యో అని మా తమ్ముడు ఉన్నాడు. ఇరవై ఏళ్ళవాడు. మా ఇంటి వంతుకి పోవాల్సింది నేను. జ్వరంతో పడుంటే, అన్నా నువ్వుండు అని వాడు పోయాడు. శవాన్ని ఇవ్వలేదు కాబట్టి మనిషికో రాయి పేర్చుకున్నాను. ప్రతి అమావాస్యకీ అన్నం ముద్ద పెట్టి, లెక్క చూసుకుని వస్తాను. ఆ రాత్రి పదే ఉన్నాయి. చెయ్యెత్తేది ఎందుకంటారా — మోకాళ్ళ నొప్పులు, ఇల్లేమో రోడ్డున నాలుగు మైళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క వెధవ ఆపలేదు.

రాయిని దాని చోట పెట్టాను. ఆ పిల్ల థాజీ, రైలు అని అదే పాట. కొండరైలు మా ఊరి హాల్టులో ఆగి థాజీకే పోతుంది. అది వేళకి వచ్చిన రోజు నేనెరగను. అప్పట్లో కూలీలు ఎక్కిదిగిన అడ్డదారి ఒకటుంది, అటు రమ్మని సైగ చేశాను. ఒక చేత్తో దీపం, ఒక చేత్తో కర్ర పట్టుకుని నేను ముందు నడిచాను. పడుతూ లేస్తూ గంటన్నర. మధ్యమధ్య వెనక ఆమె గొంతు వినిపించేది. ఏదో చెబుతోంది. ఒకసారి నవ్వింది కూడా. భయం పోవడానికి తనలో తను మాట్లాడుకుంటోందనుకున్నాను.

హాల్టు చేరేసరికి రైలు ఇంకా రాలేదు. పిల్ల పోయి టీ తెచ్చింది. ఒక కప్పు నాకిచ్చింది. ఒకటి తను పట్టుకుంది. మూడోది బెంచీ మీద పెట్టి చుట్టూ చూసింది.

ఎవరికమ్మా అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. వచ్చిన నాలుగు మాటలూ, చేతులూ కలిపి చెప్పింది.

"అబ్బాయి... చిన్నవాడు. సంచీ మోశాడు. పైనుంచి."

రైలు వచ్చింది. ఆమె ఎక్కింది. కిటికీలోంచి నా వైపు చెయ్యూపింది. తర్వాత నా పక్కకి చూసి మళ్ళీ ఊపింది.

వెనక పెట్టె దీపం కనిపించకుండా పోయేదాకా నేను తల తిప్పలేదు. టీ ఆవిర్లు కక్కుతోంది.

"చల్లారిపోతుందిరా న్యో," అన్నాను. "తాగు."