మురికి కాలర్

వాషింగ్ మెషీన్ గిర్రున తిరుగుతోంది. దాన్ని మించి తిరుగుతోంది పిచ్చుక నోరు. పదేళ్ళ ఆ పిల్లకు నోరు ఊరుకోదు, చేతులు అంతకన్నా ఊరుకోవు.

వాళ్ళమ్మ ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఇక నయం కాదని డాక్టర్లు తేల్చేసినవాళ్ళను చివరిదాకా కనిపెట్టుకుని చూసే చోటది. ఏ వాలంటీరు ఏ మంచం దగ్గర కూర్చోవాలో అమ్మే చూస్తుంది. అక్కడ అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు శనివారాలు వెనక గదికి వస్తారు. ఆడుకుంటారు, బొమ్మలు వేస్తారు, ఏడుపొస్తే ఏడుస్తారు.

ఆ శనివారం పిచ్చుక కూడా అమ్మతో అక్కడికి వచ్చింది. ఇద్దరు వాలంటీర్లు ఎగ్గొట్టారు. అమ్మ చెవికి ఫోను అతుక్కుపోయింది.

"ఆ ఏప్రన్లు కాస్త ఉతికిపెట్టవే, నీకు పుణ్యముంటుంది" అంది.

ఏప్రన్లతో ఆగితే పిచ్చుక ఎందుకవుతుంది? వెనక గదిలో కుర్చీ మీద ఒక ఖాకీ చొక్కా కనబడింది. కాలరంతా నల్లటి మురికి. "ఛీ, ఎవరిదో గానీ!" అనుకుంటూ చేతులు నొప్పెట్టేలా బ్రష్షుతో రుద్ది, అదీ మెషీన్లో పడేసింది. ఆరాక ఇస్త్రీ కూడా చేసింది.

సాయంత్రం డ్రైవర్ గారి పాప ఆటలోంచి వచ్చి కుర్చీ వైపు చూసింది. ఏడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న బస్సు నడిపేవాడు. కిందటి నెల ఇక్కడే చనిపోయాడు.

"నాన్న చొక్కా ఏది?"

"మీ నాన్నదా? చూడు, కొత్తదానిలా చేసేశా!"

పాప చొక్కాలో ముఖం పెట్టి వాసన చూసింది. కాలర్ చూసింది, జేబు చూసింది. మళ్ళీ కాలర్ దగ్గరికే వచ్చింది.

"నాన్న లేడు" అంది. "ఇందులో నాన్న లేడు!"

ఆ పిల్ల ఏడుపు విని పిచ్చుక పరుగున అమ్మ దగ్గరికి పోయింది.

"ఇంకో చొక్కా ఉంటుందేమో కదమ్మా?"

అమ్మ ఫోను కింద పెట్టింది. "అదొక్కటే ఉతక్కుండా మిగిలిందే. దాన్ని పట్టుకునే నిద్రపోతోంది పాపం."

"మరి ఇప్పుడెలా?"

"ఇప్పుడేమీ చెయ్యలేం. వెళ్ళి తప్పు చేశానని చెప్పు. తర్వాత మాట్లాడకుండా కూర్చో. తిడితే పడు."

పిచ్చుక వెళ్ళింది. "నిన్ను అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే" అంది. మంచికే చేశానని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

"అది మురికి కాదు" అంది పాప. "బస్సు వాసన, నాన్న చెమట." పిచ్చుక వైపు చూడలేదు. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మరుసటి శనివారం పిచ్చుక గ్లాసులు కడుగుతోంది. బల్ల మీద ఫ్లాస్కు మూత ఒకటి ఉంది. అడుగున ఎండిపోయిన టీ మరక. చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుని గదంతా చూసింది. మూలన డ్రైవర్ గారి పాప కూర్చుని ఉంది.

"ఇది నీదా?"

పాప తలూపింది.

"కడగనా, ఉంచనా?"

పాప చాలాసేపు ఆ మూతనే చూసింది.

"ఉంచు. అది నాన్న టీ."

పిచ్చుక తడిచేతులు గౌనుకు తుడుచుకుని, మూతను తెచ్చి పాప చేతిలో పెట్టింది. తర్వాత వెళ్ళి మిగతా గ్లాసులు కడిగింది.