దీవులను ఆడిపోసుకున్న అమ్మాయి

"మీరు టిక్కెట్లు అమ్ముతారా, ఆపుతారా?" అన్నాడు గడియారాలు బాగుచేసే యువకుడు, కిటికీ చువ్వల్లోంచి తొంగిచూస్తూ.

టిక్కెట్ల గదిలో కూర్చున్న, పడవలు నడిపే సరంగు కూతురు పెదవి కొరుక్కుంది. గోడమీది పటంలో సముద్రం నిండా చెదిరిన దీవులు. సెలవు మీద వచ్చిన ఇతనికి వాటిలో ఒక్కటైనా చూడాలని కోరిక. చూడనిస్తే చిక్కు. ఈ రేవు పడవలు దీవి చూపించి, ప్రయాణికులను అవతలి ఒడ్డున రైలు దగ్గర దింపేసి వస్తాయి. టిక్కెట్ చింపి చేతికిచ్చిందంటే, ఆ నవ్వు మొహం మళ్ళీ ఈ కిటికీలో కనబడదు.

అందుకే అతను రోజూ వచ్చి ఏ దీవి మీద వేలు పెట్టినా, ఆమె దానికో వంక పెడుతోంది.

"పోనీ, కొబ్బరితోటల దీవి?"

"నెత్తిన కాయ పడుతుందండీ."

"పగడాల దీవి?"

"కాళ్ళు కోసుకుపోతాయి."

"పక్షుల దీవి వద్దని మొదటిరోజే అన్నారు."

"ఒకటే గోల. నిద్రపోనివ్వవు."

రోజూ అయితే నవ్వి, రేపొస్తానని వెళ్ళేవాడు. ఇవాళ నవ్వలేదు. చూరు నుంచి జారే వానను కాసేపు చూశాడు.

"సరే, మీ మాటే నమ్మాను. ఏ దీవీ వద్దు. సాయంత్రం బస్సుకి ఊరెళ్ళిపోతా."

ఆమె గబుక్కున లేచి చువ్వలు పట్టుకుంది.

"ఆగండి. అవన్నీ అబద్ధాలు."

"ఏవి?"

"కాయలూ, కాళ్ళూ, గోలా. నేనసలు ఏ దీవిలోనూ అడుగే పెట్టలేదు."

"మరి వాటినెందుకండీ అంతలా ఆడిపోసుకున్నారు?"

"టిక్కెట్ ఇస్తే వెళ్ళిపోతారని."

అతను కిటికీకి దగ్గరగా వంగి మెల్లగా అన్నాడు.

"నాకు నిద్ర లేనిమాట నిజమేనండీ. పాపం, పక్షుల తప్పేం లేదు."

వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు. తడిసిన తాడు భుజాన వేసుకుని సరంగు నిలబడి ఉన్నాడు.

"ఈ వానల్లో వచ్చిన ఒక్క బేరమూ పోయి, నా పడవలు ఖాళీగా ఊగుతున్నది నీ పుణ్యమేనన్నమాట, తల్లీ."

కూతురు తల దించుకుంది. సరంగు యువకుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు బాబూ?"

"అమ్మ ఉందండి."

"ఆవిణ్ణి తీసుకురా, మాట్లాడుకుందాం. ముందు ఇద్దరూ పడవెక్కండి. అవతల దింపను, తిప్పి తెస్తాను. చుక్కాని మీద చేతులుంటాయి గానీ, నా కళ్ళు మీమీదే ఉంటాయి."

వాన వెలిసింది. పడవ రేవు దాటింది.

"ఇంతకీ ఏ దీవికి?" అన్నాడు సరంగు.

అమ్మాయి అతన్ని చూసింది. అతను అమ్మాయిని చూశాడు.

"అన్నిటికన్నా దూరంగా ఉన్నదానికి" అన్నారు ఇద్దరూ.