గెలుస్తున్నప్పుడు కదలకూడదు

"మీ బండి పక్కకి తియ్యండి."

"మీ బల్ల పక్కకి తియ్యండి."

జోసెట్ బూషార్‌కీ నాకూ మధ్య నడిచిన మొదటి సంభాషణ ఇదే. నేను మంచు బండి మీద ఉన్నాను. హాకీ అరీనాలో గీతలు పడ్డ మంచుని చెక్కి, నీళ్ళు పోసి, మళ్ళీ అద్దంలా చేసే బండి అది. ఆవిడ సరిగ్గా ఆ బండి బయటికొచ్చే గేటుకి అడ్డంగా బల్ల వేసుకుని, దాని మీద బీపీ మిషను, కాఫీ ఫ్లాస్కు సర్దుకుంటోంది.

"తొమ్మిదింటికి పిల్లలు స్కేటింగ్‌కి వస్తారండీ. నేను మంచు చెయ్యాలి."

"ఎనిమిదింటికి పెద్దవాళ్ళు నడకకి వస్తారండీ. నేను బీపీ చూడాలి."

"బీపీ క్లినిక్‌లో చూడొచ్చుగా?"

"క్లినిక్‌కి రమ్మంటే మీ ఊరి మగవాళ్ళు ఒక్కరూ రారు. ఇక్కడికైతే పిలవకపోయినా వస్తారు. అందుకే క్లినిక్కే ఇక్కడికి మోసుకొచ్చాను. ఏదీ, చెయ్యి ఇటివ్వండి. మీతోనే మొదలుపెడదాం."

"నాకు పనుంది," అన్నాను.

పని ఉన్నమాట నిజమే. కానీ ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంటూ అలా నవ్వినప్పుడు నా గుండె చేసిన గోల ఆ మిషను కంటపడితే పరువు పోతుంది. అందుకని చెయ్యి ఇవ్వలేదు. బల్ల మాత్రం నేనే ఎత్తి, తొమ్మిదో సెక్షన్ మెట్ల పక్కన పెట్టాను.

మాది సుపీరియర్ సరస్సు ఒడ్డున ఊరు. జనవరిలో మైనస్ ముప్ఫై. బయట నడిస్తే జారిపడాలి, ఇంట్లో కూర్చుంటే తుప్పు పట్టాలి. అందుకని ఆ ఏడాది నగరసభ వాళ్ళు పొద్దున్నపూట అరీనా తెరిచారు. సీట్ల వెనక గుండ్రంగా ఉన్న వరండాలో పది చుట్లు తిరిగితే మూడు కిలోమీటర్లు. వారానికి రెండు రోజులు నర్సు వస్తుంది. ఆ నర్సే జోసెట్.

నెల తిరిగేసరికి మేము 'నువ్వు'లోకి దిగాం. ఆమె తెచ్చే కాఫీ, మా టాయిని అత్త తెచ్చే ఏలకుల రొట్టె, మధ్యలో నేను. పొద్దున్నే లేవడానికి బద్ధకించే నేను ఏడింటికల్లా అరీనాలో ఉండేవాణ్ణి. మంచు అంత నున్నగా ఎప్పుడూ లేదని మా మేనేజరు మెర్వ్ బాబాయ్ ఆశ్చర్యపోయాడు.

ఒకరోజు జోసెట్ ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"ఈ నెలాఖరుకి రోజుకి ఇరవై మంది రాకపోతే బల్ల ఎత్తేస్తారట, ఆర్వో. నాకు వచ్చేది నలుగురు. మీ టాయిని అత్త, ఆవిడ ముగ్గురు స్నేహితురాళ్ళు."

"మగవాళ్ళు నడుస్తున్నారుగా?"

"నడుస్తున్నారు. కాఫీ తాగుతున్నారు. చేతికి చుట్టే బీపీ పట్టీ చూపిస్తే పారిపోతున్నారు. మీ నాన్నయితే మరీనూ. 'నా రక్తం సంగతి నాకు తెలుసులే అమ్మాయ్' అంటారు."

మా నాన్న రెయినో నీమి. నలభై ఏళ్ళు కాగితం మిల్లులో పనిచేశాడు. అమ్మ పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, డాక్టరు ముఖం చూడలేదు. ఆయనకి తెలిసిన లోకం ఒకటే, మా ఊరి హాకీ టీం లూన్స్. తొమ్మిదో సెక్షన్‌లో ఆయనకి రెండు సీట్లు. ఒకటి ఆయనది. రెండోది అమ్మది, హెల్మి సీటు. ఆరేళ్ళుగా దాని మీద నాన్న కోటు తప్ప ఎవరూ కూర్చోలేదు.

మరుసటి గురువారం ఏం జరిగిందంటే, నాన్న కాఫీ తాగుతూ గోల్‌కీపర్ని తిట్టడంలో మునిగి ఉండగా జోసెట్ చల్లగా ఎడమ చేతికి పట్టీ చుట్టేసింది. ఆయన గమనించేసరికి పని అయిపోయింది. ఆ సాయంత్రం లూన్స్ అయిదు గోల్స్‌తో గెలిచింది.

నాకు బుర్రలో దీపం వెలిగింది.

"నాన్నా, ఇవాళ నువ్వు కొత్తగా ఏం చేశావ్?" అన్నాను.

"ఏం చేశాను? ఏమీ లేదే."

"బీపీ చూపించుకున్నావుగా. ఎడమ చెయ్యి."

నాన్న కాఫీ కప్పు కిందపెట్టి నా వైపు చూశాడు. మా వాళ్ళ సంగతి మీకు చెప్పాలి. టీం గెలుస్తుంటే ఇక్కడ ఎవరూ ఏదీ మార్చరు. గడ్డం గీయరు, జెర్సీ ఉతకరు, సీటు వదలరు. కిందటి ఆటకి ఎడమ కాలి మేజోడు ముందు తొడిగితే ఈ ఆటకీ అదే ముందు.

తర్వాతి ఆట రోజు పొద్దున్నే నాన్న వచ్చి అదే కుర్చీలో కూర్చుని అదే చెయ్యి చాపాడు. ఆ సాయంత్రం మళ్ళీ గెలిచాం. మూడో ఆటకి సంగతి ఊరంతా పాకి, జోసెట్ బల్ల ముందు ముప్ఫై ఒక్క మంది వరుస. అందరికీ గడ్డాలే, అందరివీ ఎడమ చేతులే.

"ఏం మంత్రం వేశావ్?" అంది జోసెట్ కళ్ళు పెద్దవి చేసి.

నేను చెప్పేశాను. ఆమె పగలబడి నవ్వి నా టోపీ లాగి తన తలమీద పెట్టుకుంది. ఆ టోపీ మళ్ళీ నాకు దక్కలేదు. నేను అడగనూ లేదు.

ఏడు ఆటలు వరసగా గెలిచాం. ఫైనల్‌కి చేరాం. ఆ వారంలోనే జోసెట్ నవ్వు మాయమైంది.

"ఆర్వో, మీ నాన్న బీపీ నూట ఎనభై. మూడుసార్లు చూశాను. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"వెళ్ళమన్నావా?"

"అన్నాను. మాత్రలు మొదలుపెడితే టీం అదృష్టం మారిపోతుందట. ఫైనల్ అయ్యాక చూద్దాం అంటున్నారు."

"సరే, ఆదివారమేగా ఫైనల్. ఆ తర్వాత నేనే తీసుకెళ్తాను."

ఆమె పట్టీని చుట్టచుట్టి పెట్టెలో పడేసింది.

"ఈ పిచ్చి ఎక్కించింది నువ్వు. నువ్వే దింపు."

"నీ బల్ల నిలవాలనేగా చేశాను!"

"నా బల్ల ఎందుకు నిలవాలి, ఆర్వో? గెలవడానికా? మీ నాన్నలాంటి వాళ్ళు బతకడానికి."

ఆమె చెప్పింది నిజమని తెలుసు. కానీ నాన్నతో అబద్ధం ఆడానని చెప్పే ధైర్యం లేక, ఆదివారం ఎంతో దూరం లేదులే అని నన్ను నేను జోకొట్టుకున్నాను. ఆ మూడు రోజులూ జోసెట్ నాతో పలకలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆట. రెండో విరామానికి రెండు–ఒకటి మీద మేమే ముందు. నేను మంచు బండి తోలుతూ సగం మైదానం పూర్తిచేసి, అలవాటుగా తొమ్మిదో సెక్షన్ వైపు చూశాను.

నాన్న ముఖం బూడిద రంగులో ఉంది. చెయ్యి ఛాతీ మీద ఉంది. జోసెట్ అప్పటికే ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆట దగ్గర ఉండే అంబులెన్స్ వాళ్ళకి చెయ్యి ఊపుతోంది.

బండి నడిమధ్యలో ఆపేసి దూకాను. నేను తయారుచేసిన మంచు మీద నేనే రెండుసార్లు పడ్డాను. నాలుగు వేలమంది ఈలలు వేశారు.

"ఓయ్, బండి!" అని అరిచాడు మెర్వ్ బాబాయ్. తర్వాత నేను చూస్తున్న వైపు చూశాడు. "నువ్వెళ్ళరా. నేను తోలతాను."

పైకి చేరేసరికి అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ దించారు. నాన్న సీటు చేతులు రెండూ పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"రెయినో గారూ, లేవండి. ఇది గుండెపోటు," అంది జోసెట్.

"రెండు–ఒకటి మీద ఉన్నామమ్మాయ్. కదలను."

"నాన్నా," అన్నాను. "ఆ పట్టీ, ఎడమ చెయ్యి, అదృష్టం, అంతా నేను అల్లిన కట్టుకథ. జోసెట్ బల్ల తీసేస్తారని. నాది తప్పు. లే నాన్నా."

"తెలుసులేరా," అన్నాడు నాన్న ఆయాసపడుతూ. "అయినా ఏడు గెలిచాంగా?"

జోసెట్ ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

"సీటు ఖాళీ కాకూడదు, అంతేనా? నేను కూర్చుంటాను. జెర్సీ ఇవ్వండి."

నాన్న ఆమెని ఎగాదిగా చూశాడు. "మూడు వారాలుగా ఉతకలేదు."

"తెలుస్తోంది."

"ఏం జరిగినా లేవకూడదు."

"లేవను."

"పక్క సీట్లో కోటు తియ్యకూడదు."

"తియ్యనండీ. అది ఎవరి సీటో నాకు తెలుసు."

గుండె దగ్గర వైర్లు అంటించాలంటే జెర్సీ ఎలాగూ తియ్యాలి. అంబులెన్స్ వాళ్ళు దాన్ని ఆమె చేతికిచ్చారు. ఆ కంపు జెర్సీ తలమీంచి తొడుక్కుని, అమ్మ సీటు పక్కన నిటారుగా కూర్చుంది జోసెట్. నాన్న సీటు వదిలాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని స్ట్రెచర్ పక్కన పరిగెత్తాను.

సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి గదిలో ఆయన రంగు తిరిగొచ్చింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. డాక్టరు బయటికి పిలిచి, ఇంకో గంట ఆ సీట్లోనే ఉండి ఉంటే తన దగ్గరికి తెచ్చి లాభం ఉండేది కాదన్నాడు. నేను లోపలికి వచ్చి నాన్న మంచం పక్కన కూర్చున్నాను.

తలుపు దగ్గర జోసెట్ కనిపించింది. ఇంకా అదే జెర్సీ. నెత్తిన నా టోపీ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఓడిపోయామండీ. అదనపు సమయంలో. మూడు–రెండు." గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నేను లేవలేదు, ఒట్టు. అందరూ వెళ్ళిపోయాక మెర్వ్ గారు వచ్చి లేపారు."

నాన్న నవ్వడానికి ప్రయత్నించి దగ్గాడు.

"కూర్చో తల్లీ. కప్పు మళ్ళీ ఏడాది కూడా వస్తుంది. నన్ను బతికించావు, చాలు." దుప్పటి పైకి లాక్కున్నాడు. "కానీ వచ్చే సీజన్‌కి నా సీటు నాకు కావాలి. నీకు వేరే సీటు చూడాలి."

"నాకెందుకండీ..."

"కోటు నా ఒళ్ళో పెట్టుకుంటానులే. హెల్మి ఏమీ అనుకోదు."

జోసెట్ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. ఆరేళ్ళ తర్వాత మా నాన్న అమ్మ పేరు పైకి పలికాడు. ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, చొక్కా చెయ్యి మడిచి జోసెట్ ముందు చాపాను.

"ఏంటిది?"

"బీపీ చూడు. మొదటి రోజే అడిగావుగా."

"మూడు నెలలు తప్పించుకుని ఇప్పుడా?"

"అప్పుడు నువ్వు కనిపెట్టేస్తావని భయపడ్డాను. ఇప్పుడు కనిపెట్టకపోతే ఎలాగని భయంగా ఉంది. నువ్వంటే నాకు ప్రాణం, జోసెట్. క్షమించు కూడా. నువ్వు చెప్పినరోజే వినాల్సింది."

ఆమె మంచం పక్కనున్న మిషను లాగి, నా చేతికి పట్టీ చుట్టింది. మణికట్టు దగ్గర ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. మిషను మూలిగింది. అంకెలు చూసి జోసెట్ పెదవి కొరుక్కుంది.

"ఎంత?" అన్నాడు నాన్న మంచం మీంచి.

"గుండె నిమిషానికి నూట ఇరవై రెండు కొట్టుకుంటోందండీ," అంది జోసెట్. పట్టీ విప్పింది గానీ నా చెయ్యి వదల్లేదు.

నాన్న కళ్ళు మూసుకుని హాయిగా దిండులోకి ఒదిగాడు.

"గెలుస్తున్నావురా," అన్నాడు. "కదలకు."

నేను కదల్లేదు.